సైకిలు ఫ్రేముకు గట్టి అతుకు: బలం ఎక్కడ ఉంటుంది?

(రాయపురంలో మిల్లు కార్మికుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి తరగతుల్లో మనం మామూలుగా బోనసు గురించి, ఈ.ఎస్.ఐ. గురించి, గ్రాట్యుటీ గురించి మాట్లాడుకుంటాం. ఈవేళ సైకిలు ఫ్రేము గురించి, అందులోని అతుకుల గురించి మాట్లాడమన్నారు. "ఇది యూనియన్ విషయమా?" అని కొందరికి అనిపించవచ్చు. నా మటుకు నేను అవుననే అంటాను. డబ్బున్నవాడికి సైకిలు వ్యాయామం. మనకు అది పనిముట్టు. పనిముట్టు ఎలా తయారయిందో, ఎక్కడ విరుగుతుందో తెలియని కార్మికుడు దానికి బానిస అవుతాడు. తెలిసినవాడు దానికి యజమాని అవుతాడు.

ఉత్తర మద్రాసు చరిత్రను చూడండి. మన రాయపురం రైల్వే స్టేషను 1856లో తెరిచారు. దక్షిణ భారతంలో మొదటి రైలు ఇక్కడి నుంచే బయలుదేరింది. పెరంబూరులో బకింగ్‌హామ్ మిల్లు 1876లో వచ్చింది, కర్ణాటిక్ మిల్లు 1881లో వచ్చింది. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చిన మనవాళ్లు ఎందరో ఆ మిల్లుల చుట్టూ, ఈ రాయపురం, తండయారుపేట వీధుల్లో కాపురాలు పెట్టారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికులతోనే. ఆ రోజుల్లో కాలినడకన వెళ్లిన కార్మికుడి కొడుకు తర్వాత సైకిలెక్కాడు. 1996లో ఆ మిల్లు మూతపడింది. షిఫ్టుకు వెళ్లడానికి కొన్న సైకిలు మీదకు ఆ తర్వాత చేపల బుట్ట ఎక్కింది, నీళ్ల క్యాను ఎక్కింది, ఇస్త్రీ బట్టల మూట ఎక్కింది. ఒక మనిషిని మోయడానికి చేసిన ఫ్రేము మీద మూడు మనుషుల బరువు పడింది. అందుకే అతుకు సంగతి మనకు కావాలి.

ఇంకో మాట. ఈ బండ్లు ఎక్కడో ఆకాశం నుంచి రాలేదు. మన నగరం పక్కనే అంబత్తూరులో టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో మొదలైంది. ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మురుగప్ప వర్గం వారు పెట్టిన కంపెనీ అది. హెర్క్యులిస్, బీఎస్ఏ, ఫిలిప్స్ పేర్లు మనందరి నోళ్లలో నానినవే. సైకిలుకు కావలసిన ఉక్కు గొట్టాలు చేసే ఫ్యాక్టరీ 1955లో ఆవడిలో వచ్చింది. అంటే గొట్టం లాగినవాడు, అతుకు వేసినవాడు, రంగు కొట్టినవాడు, అందరూ మనలాంటి కార్మికులే. వాళ్ల పనిలోని తెలివి ఏమిటో చూద్దాం.

నూలు ముడి చెప్పే పాఠం

నేత ఖాతాలో, వైండింగులో పని చేసినవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. తెగిన పోగును ముడి వేస్తాం. తర్వాత లాగి చూస్తే ఆ పోగు ఎక్కడ తెగుతుంది? ముడి మధ్యలో తెగదు. ముడి పక్కన తెగుతుంది. ముడి గట్టిగా, లావుగా ఉంది. పోగు సన్నగా ఉంది. గట్టిది, సన్నది కలిసే చోట పోగు వంగి, ఒత్తుకుని, అక్కడే ప్రాణం పోగొట్టుకుంటుంది. ముడి ఇంకా లావుగా వేస్తే బలం పెరుగుతుందా? పెరగదు. అది రీడులో తట్టుకుని పక్క పోగులను కూడా తెంపుతుంది.

తర్వాత స్ప్లైసరు వచ్చింది. అది ముడి వెయ్యదు. రెండు కొసల పురిని విప్పుతుంది. కొసలను పలచన చేస్తుంది. ఒకదాని మీద ఒకటి కొంత పొడవున పరుస్తుంది. గాలితో కలిపి మెలివేస్తుంది. అతుకు దాదాపు పోగంత లావే ఉంటుంది, కానీ నిలబడుతుంది. ఎందుకు? బరువు ఒక్క చోట కాక కొంత పొడవున పంచుకుంటుంది కనుక. లావు ఒక్కసారిగా మారదు కనుక.

సైకిలు ఫ్రేము అతుకులోని రహస్యమంతా ఇదే. ముడి వెయ్యకు, స్ప్లైసు చెయ్యి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీనికి వివరణే.

ఫ్రేము మీద బరువు ఎలా నడుస్తుంది?

ముందు పేర్లు ఒకసారి చెప్పుకుందాం. హ్యాండిలు కింద నిలువుగా ఉండే పొట్టి గొట్టం హెడ్ పైపు. దాని నుంచి సీటు దగ్గరకు వెళ్లేది పై బారు. దాని నుంచి పెడల్ దగ్గరకు దిగేది కింది పైపు. సీటు నుంచి పెడల్ వరకు సీటు పైపు. పెడల్ ఇరుసు కూర్చునే డబ్బా బాటమ్ బ్రాకెట్. అక్కడి నుంచి వెనక చక్రానికి వెళ్లే జత చైను పైపులు. సీటు దగ్గర నుంచి వెనక చక్రానికి దిగే జత సీటు పక్క పైపులు. ముందు చక్రాన్ని పట్టుకునేది ఫోర్కు. ఫోర్కు పైన హెడ్ పైపులోకి దూరే కాడ స్టీరరు.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తెచ్చాడు. ఆ తర్వాత పదేళ్ల లోపునే ఫ్రేము ఈ ఆకారానికి స్థిరపడింది. నూరేళ్లు దాటినా మారలేదంటే అందులో న్యాయం ఉంది. మూడు కర్రలను మూలల్లో కట్టి త్రికోణం చేస్తే అది కదలదు. నాలుగు కర్రలను కట్టి చతురస్రం చేస్తే తోస్తే ఒరిగిపోతుంది. ఫ్రేములో వెనక భాగం నిజమైన త్రికోణం. అందులో గొట్టాలు ముఖ్యంగా లాగుడు, నొక్కుడు మాత్రమే మోస్తాయి. ఉక్కుకు అవి సులభం.

కానీ ముందు భాగం త్రికోణంలా కనిపిస్తుందే గాని త్రికోణం కాదు. హెడ్ పైపు ఉన్నందువల్ల దానికి నాలుగు పక్కలు. ముందు చక్రం గుంతలో పడ్డప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఫోర్కు ఒక గడ్డపార లాగా హెడ్ పైపును మెలిపెడుతుంది. ఆ వంపు బలం పై బారు, కింది పైపు మొదళ్లలోకి పోతుంది. కనుకనే ఎక్కువ ఫ్రేములు హెడ్ పైపు దగ్గర, అందులోనూ కింది పైపు మొదట్లో బీటవారుతాయి. అతుకు రూపకల్పన చేసేవాడు మొదట చూడవలసింది అక్కడే. రెండోది బాటమ్ బ్రాకెట్. కుడికాలు తొక్కితే డబ్బా ఒకవైపు, ఎడమకాలు తొక్కితే మరోవైపు మెలి తిరుగుతుంది.

ఈ తొక్కుడు ఎన్నిసార్లు? చిన్న లెక్క వేద్దాం. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, 28 అంగుళాల చక్రం ఉన్న బండి అనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. రోజుకు రానుపోను 10 కిలోమీటర్లయితే సుమారు 1,850 చుట్లు. చుట్టుకు రెండు కాళ్లు, అంటే 3,700 తొక్కుళ్లు. ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 11 లక్షలు దాటుతుంది. ఏ ఒక్క తొక్కుడుకూ ఫ్రేము విరగదు. కానీ తీగను అటూ ఇటూ వంచితే చివరకు తెగినట్లు, కొద్దికొద్ది వంపు లక్షల సార్లు పడితే లోహం అలిసిపోతుంది. అతుకును ఈ అలుపును తట్టుకునేలా చెయ్యాలి. ఒక్కసారి సుత్తితో కొట్టి చూసి "గట్టిగా ఉంది" అనుకుంటే చాలదు.

లగ్గు లెక్క

పాత పద్ధతి ఫ్రేములో గొట్టాలు ఒక ఉక్కు తొడుగులోకి దూరతాయి. ఆ తొడుగునే లగ్గు అంటాం. గొట్టానికీ లగ్గుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. అందులో వెలిగారం పూసి, ఎర్రగా కాల్చి, ఇత్తడిని కరిగించి పారిస్తారు. దీన్ని బ్రేజింగు అంటారు. ఇక్కడ ఉక్కు కరగదు. ఉక్కు కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు కావాలి. ఇత్తడి 900 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది. వెండి కలిపిన కడ్డీ అయితే 620 నుంచి 700 డిగ్రీలకే పారుతుంది.

"ఉక్కును ఇత్తడితో అతికిస్తే బలహీనం కాదా?" అని అడగవచ్చు. లెక్క చూడండి. కింది పైపు బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు అనుకుందాం. అడ్డంగా కోస్తే కనిపించే ఉక్కు వైశాల్యం సుమారు 87 చదరపు మిల్లీమీటర్లు. ఆ గొట్టం లగ్గులోకి 25 మిల్లీమీటర్లు దూరింది. అప్పుడు ఇత్తడి పట్టుకున్న ఉపరితలం సుమారు 2,250 చదరపు మిల్లీమీటర్లు. అంటే 26 రెట్లు. ఇత్తడి బలం ఉక్కు బలంలో నాలుగో వంతే అని వేసుకున్నా అతుకు గొట్టం కంటే ఆరు రెట్లకు పైగా బలంగా ఉంటుంది. ఇది స్ప్లైసరు సూత్రమే. బలం ఇత్తడిలో లేదు, పరుచుకున్న పొడవులో ఉంది.

అయితే ఇత్తడి సందంతా నిండాలి. అందుకు సందు సరిగ్గా ఉండాలి. ఒక తెల్ల కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు, అదీ మంచి సందు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు అంత సన్నని సందు కరిగిన ఇత్తడిని తనంతట తానే లోపలికి పీల్చుకుంటుంది. సందు మరీ వదులైతే పీల్చే గుణం పోతుంది. మరీ బిగువైతే వెలిగారానికీ ఇత్తడికీ దారి ఉండదు. తుప్పు, నూనె, రంగు ఏది ఉన్నా ఇత్తడి అక్కడ పట్టదు. అందుకే మంచి పనివాడు మంట వెలిగించడానికి ముందు సగం పని ముగిస్తాడు. ఆకురాయి, ఎమరీ గుడ్డ, కొలత, శుభ్రం. మంట పట్టేది చివర్లో.

మరి ఎందుకు విరుగుతుంది?

ఆరు రెట్ల బలం ఉన్న అతుకు ఉన్నా ఫ్రేములు విరుగుతున్నాయి కదా? విరుగుతున్నాయి. కానీ మంచి అతుకు దగ్గర విరిగిన ఫ్రేమును చేతిలోకి తీసుకుని చూడండి. లగ్గు ఊడిరాదు. లగ్గు అంచు దాటిన వెంటనే గొట్టం తెగి ఉంటుంది. నూలు ముడి పక్కన తెగినట్లే. దానికి కారణాలు అయిదు.

మొదటిది, అంచు. లగ్గు మందంగా ఉండి దాని అంచు గొట్టం చుట్టూ నేరుగా, గోడ కట్టినట్లు ఆగిపోతే గొట్టం వంగేదంతా ఆ ఒక్క గీత దగ్గరే వంగుతుంది. అందుకే మంచి లగ్గుల అంచులు బాణం మొనలా, ఆకు కొనలా కోసి ఉంటాయి. అది అందానికి మాత్రమే కాదు. లగ్గు పట్టు 20, 30 మిల్లీమీటర్ల పొడవున నెమ్మదిగా సన్నగిల్లాలని. ఆ మొనలను ఆకురాయితో పలచగా అరగదీస్తారు. లావు నుంచి సన్నానికి మెట్టు ఉండకూడదు, వాలు ఉండాలి.

రెండోది, వేడి. గొట్టాన్ని చల్లగా లాగి చేసినందువల్ల వచ్చిన బలం ఎర్రగా కాలిస్తే కొంత పోతుంది. బరువు ఎక్కువ పడే చోటే వేడి తగులుతుంది, అక్కడే మెత్తబడుతుంది. దీనికి విరుగుడుగా కొసలు మందంగా, నడుమ పలచగా ఉండే గొట్టాన్ని ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో పేటెంటు చేశాడు. కొస 0.8 మిల్లీమీటర్లు, నడుమ 0.5, అలా. అతుకు దగ్గర బలం, నడుమ తేలిక. మామూలు బండ్లలో గొట్టం అంతా ఒకే మందం కనుక బరువెక్కువ. కానీ అనాడి మంటను అది కొంత క్షమిస్తుంది. పలచని గొట్టం క్షమించదు.

మూడోది, బలవంతం. గొట్టం కోత సరిగ్గా లేకపోతే కొందరు దాన్ని లాగి, వంచి, బిగించి అప్పుడు మంట పెడతారు. ఎర్రగా కాలిన ఉక్కు బిగువులో ఉండగా కరిగిన ఇత్తడి తగిలితే ఆ ఇత్తడి ఉక్కు రవ్వల సందుల్లోకి దూరి అక్కడే సన్న బీట పుట్టిస్తుంది. పైకి కనిపించదు. రంగు కింద దాక్కుంటుంది. గొట్టాలు వాటంతట అవి సరిపోయి కూర్చోవాలి. వంకర తీసే పని కోతలో చెయ్యాలి, మంటలో చెయ్యకూడదు.

నాలుగోది, ఆకురాయి. అతుకు నునుపుగా కనపడాలని లగ్గు అంచు దగ్గర గొట్టాన్ని గీకేస్తారు. 1 మిల్లీమీటరు గొట్టంలో 0.2 గీకితే అయిదో వంతు పోయినట్లే. మిగిలినదాని మీద ఒత్తిడి పాతికశాతం పెరుగుతుంది. పైగా ఆకురాయి గీత అడ్డంగా పడితే అదే బీటకు బీజం. అద్దంలా మెరిసే అతుకు గట్టి అతుకని అనుకోకండి.

అయిదోది, ఉప్పు. దీని గురించి రాయపురంలో విడిగా చెప్పాలి.

ఉప్పుగాలి, తుప్పు

ఉక్కుకు ఒక మంచి గుణం ఉంది. ఒక హద్దు లోపల ఒత్తిడి ఉంటే ఎన్ని లక్షల సార్లు వంచినా అది అలిసిపోదు. అందుకే తేలికగా వాడిన పాత బండి యాభై ఏళ్లు నడుస్తుంది. కానీ ఈ గుణం పొడిగా, శుభ్రంగా ఉన్న ఉక్కుకే. ఉప్పునీరు తగిలి తుప్పు తింటున్న ఉక్కుకు ఆ హద్దు ఉండదు. చిన్న ఒత్తిడికి కూడా బీట మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ప్రతి తుప్పు గుంట ఒక కోత లాంటిది.

కాసిమేడు రేవు నుంచి చేపలు మోసే బండ్లను చూడండి. బుట్ట నుంచి మంచు కరిగిన ఉప్పునీరు కారుతుంది. సీటు పైపు మీదుగా దిగి బాటమ్ బ్రాకెట్ డబ్బాలో నిలుస్తుంది. బయట రంగు బాగానే ఉంటుంది. లోపల గొట్టం కాగితం అవుతుంది. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటే నీరు పోతుంది. అది మూసుకుపోకుండా చూడాలి. ఏడాదికొకసారి ఇరుసు విప్పినప్పుడు సీటు పైపులోకి కొంచెం పాత నూనె పోసి, బండిని అటూ ఇటూ వంచి, ఒక పూట అలా ఉంచండి. చేపల బండి వాళ్లు సాయంత్రం మంచినీళ్లతో కడగాలి. సబ్బు అక్కర్లేదు, మంచినీళ్లు చాలు.

వెలిగారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్రేజింగు అయిన తర్వాత అది గాజులా గట్టిపడి అంచులో ఉంటుంది. వేడినీళ్లతో నానబెట్టి పూర్తిగా తీసెయ్యాలి. దాని మీదే రంగు కొడితే తడిని పట్టుకుని రంగును లేపేస్తుంది. అతుకు దగ్గర రంగు లేచిందంటే తుప్పుకు తలుపు తీసినట్లే.

లగ్గు లేని అతుకు: చేప నోరు

లగ్గు లేకుండా కూడా గొట్టాలను కలపవచ్చు. అప్పుడు ఒక గొట్టం కొసను రెండో గొట్టం గుండ్రానికి సరిపోయేలా వంపుగా కోస్తారు. చేప నోరు తెరిచినట్లు ఉంటుంది కనుక వర్క్‌షాపుల్లో ఫిష్ మౌత్ అనే పిలుస్తారు. ఇందులో పరుచుకునే పొడవు లేదు. అందుకే కోత చాలా ముఖ్యం. ఒక గొట్టాన్ని రెండోదాని మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడాలి. సందులోంచి వెలుతురు కనపడకూడదు. కనపడితే మళ్లీ అరగదీయాలి.

ఆ తర్వాత అతుకు చుట్టూ ఇత్తడిని లోపలికి వంగిన వాలుగా పోస్తారు. ఇంటిగోడ, నేల కలిసే మూలలో మేస్త్రి సిమెంటుతో వాలు తీసినట్లు. ఆ వాలే ఇక్కడ లగ్గు మొన చేసే పని చేస్తుంది. మంచి వాలు వెడల్పుగా ఉండి గొట్టంలో కలిసిపోతుంది. గుండ్రంగా ఉబ్బి, అంచులో గాడి పడి ఉంటే అది బలం కాదు, బరువు.

బరువు మోసే బండి

మూటలు మోసే బండ్లకు డబుల్ బార్ ఉంటుంది చూశారా? పై బారు కింద ఇంకో బారు. అది ఊరికే పెట్టింది కాదు. ఎత్తు ఫ్రేములో హెడ్ పైపు పొడుగు. అంటే ముందు భాగం త్రికోణానికి ఇంకా దూరం. రెండో బారు హెడ్ పైపును నడిమిలో కూడా పట్టుకుని ఆ మెలిని పంచుకుంటుంది. ఫోర్కు పక్కన రెండు రాడ్లు ఇరుసు నుంచి పైకి వెళ్లడం కూడా అందుకే.

క్యారియరు విషయంలో ఒక్క సూత్రం. బరువు నేరుగా వెనక ఇరుసు మీదకు దిగాలి. క్యారియరు కాళ్లు ఇరుసు బోల్టుకు బిగించి ఉంటే అలా దిగుతుంది. కాళ్లు తెగిపోయాయని సీటు పక్క పైపుల నడిమికి క్లాంపు వేసి బరువు వేలాడదీస్తే లాగుడు, నొక్కుడు మోసే గొట్టానికి వంపు పని అప్పగించినట్లు. అది ఆ పనికి పుట్టలేదు.

పొగ మాట మరవకూడదు

అతుకు గట్టిదా అని అడిగేటప్పుడు అతుకు వేసే మనిషి గట్టిగా ఉన్నాడా అని కూడా అడగాలి. ఇత్తడిలో జింకు ఉంది. అది 907 డిగ్రీలకే ఆవిరి అవుతుంది. మంట ఎక్కువైతే తెల్లటి పొగ లేస్తుంది. అప్పుడు రెండు నష్టాలు. అతుకులో బుడగలు పడతాయి, పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. సెలవు తర్వాత మొదటి రోజు ఇది ఎక్కువ. దూది ధూళి వల్ల సోమవారం ఛాతీ బిగుసుకోవడం మన ఖాతాల్లో ఎందరికో అనుభవమే. ఇత్తడి పనివాడి సోమవారం జ్వరం దానికి చుట్టమే. వెండి కడ్డీల్లో కొన్ని రకాల్లో కాడ్మియం కలిపి ఉంటుంది. దాని పొగ ప్రాణం తీయగలదు. కాడ్మియం లేనివి ఉన్నాయి, అవే అడగాలి. గాలి ఆడే చోటు, పొగను లాగే ఫ్యాను పనివాడి హక్కు. విచిత్రం ఏమంటే పొగ లేవనివ్వని మంటే మంచి అతుకు వేస్తుంది. ఇక్కడ పనివాడి ఆరోగ్యం, పని నాణ్యత రెండూ ఒకే దారి.

మన చేతిలో ఉన్న పరీక్ష

ఫ్యాక్టరీల్లో ఫ్రేము పరీక్షకు ఐ.ఎస్.ఓ. 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. యంత్రం లక్ష సార్లు పెడల్ తొక్కుతుంది, ముందు వైపు నుంచి బరువు జారవిడుస్తుంది. మనకు యంత్రం లేదు, కళ్లు ఉన్నాయి. నెలకొకసారి ఈ నాలుగు చూడండి:

1. బండిని కడిగి ఆరబెట్టి, హెడ్ పైపు వెనక కింది పైపు అడుగును వేలితో తడమండి. అడ్డంగా రంగు చీలినా, సన్నని తుప్పు గీత కనిపించినా అది బీటే అనుకోండి. ఉబ్బు, ముడత ఉంటే గుద్దుకున్న గుర్తు.

2. బాటమ్ బ్రాకెట్ దగ్గర సీటు పైపు మొదలు, చైను పైపుల మొదళ్లు చూడండి.

3. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. హెడ్ బేరింగు బిగించి ఉన్నా టకటక వినిపిస్తే ఫోర్కు విప్పించి చూపించండి. అన్నిటికంటే ప్రమాదం స్టీరరు కాడ కింద, క్రౌన్ దగ్గర తెగడం. అది తెగితే మనిషి ముఖం మీద పడతాడు. మిగతా ఏ అతుకుతోనైనా బేరం ఆడవచ్చు, దీనితో ఆడకూడదు.

4. బండి ఎప్పుడూ లేని విధంగా పక్కకు లాగినా, తొక్కినప్పుడల్లా కిర్రుమన్నా అశ్రద్ధ చెయ్యకండి. ఉక్కు చాలాసార్లు తెగే ముందు చెబుతుంది. వినేవాడు ఉండాలి.

(ప్రసంగం తర్వాత సభ్యులు అడిగిన కొన్ని ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: అన్నా, లగ్గు దగ్గర బీట పడితే రోడ్డు పక్క కరెంటు వెల్డింగు పెట్టిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు తమ్ముడూ. ఆ చోట ఇత్తడి ఉంది. ఉక్కు వెల్డింగులో ఇత్తడి కలిస్తే ఆ వెల్డింగే పగులుతుంది. పైగా ఒక మిల్లీమీటరు గొట్టానికి ఆ వేడి ఎక్కువ. బీట పూర్తిగా కోసి తీసి, లోపల బిగువుగా సరిపోయే గొట్టం ముక్క పెట్టి, గ్యాసు మంటతో ఇత్తడి పోయించాలి. లోపలి ముక్క కొసలు నేరుగా కాక ఏటవాలుగా కోయించండి. లేకపోతే ఆ కొస దగ్గర మళ్లీ తెగుతుంది. ఫోర్కు కాడకు మాత్రం ఏ రిపేరూ వద్దు, మార్చెయ్యండి.

ప్రశ్న: పైన పట్టీ ముక్క అతికించి బలపరుస్తారు కదా, అది మంచిదేనా?

జవాబు: పట్టీ ఎలా ముగిసిందన్నదే ప్రశ్న. మందపాటి చతురస్రపు ముక్క అయితే బీట ఆ ముక్క అంచుకు మకాం మారుస్తుంది, అంతే. పలచని రేకును ఆకులా కోసి కొసలు సన్నం చేస్తే పనికొస్తుంది.

ప్రశ్న: ఇంకా మందం గొట్టం వేస్తే పీడ పోతుంది కదా?

జవాబు: మందం కంటే లావు మేలు. ఒకే మిల్లీమీటరు మందంతో 25.4 గొట్టం బదులు 28.6 గొట్టం వేస్తే వంగకుండా నిలిచే గుణం సుమారు 45 శాతం పెరుగుతుంది. బరువు పెరిగేది 13 శాతమే. లోహం ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం.

ప్రశ్న: కొత్త బండ్లకు లగ్గులే లేవు. అవి బలహీనమా?

జవాబు: కావు. సరైన గొట్టం, సరైన కోత, సరైన వేడి ఉంటే వెల్డింగు ఫ్రేము కూడా ఏళ్లు నిలుస్తుంది. లగ్గు ఉన్నా సందులో ఇత్తడి నిండకపోతే అది అలంకారం మాత్రమే. పద్ధతి పేరు చూసి కాదు, పని చూసి నమ్మండి.

ముగించే ముందు ఒక్క మాట. అతుకు లావుగా ఉంటే గట్టిదనుకోవడం మామూలు. అతుకు పక్కన ఏముందో చూడటం విద్య. వచ్చే తరగతికి ఎవరి దగ్గరైనా విరిగిన ఫ్రేము ఉంటే పాత ఇనుపవాడికి వెయ్యకుండా తీసుకురండి. రంపంతో కోసి, ఇత్తడి ఎంతవరకు పారిందో, బీట ఎక్కడ మొదలైందో అందరం కలిసి కళ్లారా చూద్దాం.